మీటరు చదువవలసినవారెవరు?

ఇటీవల మన గోదావరి డెల్టాలో చదువుకొన్నవారు నలుగురు కూడిన చోటనెల్ల ఒక మాట వినవచ్చుచున్నది. ఇంటింటికిని తిరిగి కరెంటు మీటరు చూచి, చేతిలోని యంత్రముపై బిల్లు కొట్టి యిచ్చుటకు ప్రత్యేకముగా ఒక మనిషి యేల? పాలవాని చేతను, కూరలమ్మి చేతను కూడ కెమెరా గల ఫోను మెరయుచున్న యీ కాలమున, ఎవరి మీటరును వారే ఫోటో తీసి పంపుకొన్నచో సంస్థకు జీతపు ఖర్చు తగ్గును, వినియోగదారునకు తప్పుడు రీడింగుల పీడ వదలును, తాళము వేసియున్న యిండ్ల చిక్కు తీరును, ఇంతకంటె ఉభయతారకమైన యేర్పాటు వేరొకటి కలదా యని వారి వాదము. రాజమహేంద్రవరమున పుష్కరఘట్టము మెట్లపై సాయంకాలము కూర్చుండు విశ్రాంత ఉద్యోగుల నోట ఇదే మాట. భీమవరము హోటళ్లలో కాఫీ త్రాగుచు లోకమును చక్కదిద్దు యువకుల నోటను ఇదే మాట.

ఇంతమంది యేకకంఠముగా మెచ్చుకొన్న దానిని కాదనుట సాహసమే యగును. అయినను, ఈ మెప్పులో రెండు వేరువేరు విషయములు ఒకదానితో నొకటి కలగలిసిపోయినవనియు, వానిలో మొదటిది వినియోగదారునకు శాసనము ప్రసాదించిన రక్షణ కాగా, రెండవది ఆ రక్షణ పేరు చెప్పి అతని నెత్తిన పెట్టజూచుచున్న చాకిరి యనియు, మొదటిదానిని మెచ్చుకొనుచున్నామనుకొని మనవారు రెండవదానికి చేతులెత్తుచున్నారనియు నా యభిప్రాయము.

శాసనము నుండియే ప్రారంభింతము. కేంద్రప్రభుత్వము 2020 డిసెంబరు 31వ తేదీన ప్రకటించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమావళిలో, మీటర్లను గూర్చిన 5వ నియమము, ప్రతి బిల్లింగు కాలమునందును కనీసమొకసారి పంపిణీ సంస్థ యొక్క అధీకృత ప్రతినిధి మీటరును చదివి తీరవలెనని విధించినది. వరుసగా రెండు రీడింగు తేదీలలో మీటరు అతనికి అందుబాటులో లేకపోయినప్పుడు మాత్రము, రీడింగును తేదీయు తెలియునట్లు మీటరుకు ఫోటో తీసి, నమోదైన ఫోను ద్వారా గాని ఈమెయిలు ద్వారా గాని పంపుకొను అవకాశమును వినియోగదారునకు ఇచ్చినది. అట్లు పంపిన పిమ్మట సంస్థ అతనికి నోటీసు గాని, ఉజ్జాయింపు బిల్లు గాని పంపరాదని కట్టడి చేసినది. ఈ నియమములో ఫోటోకు దొరకిన స్థానమెట్టిదో పాఠకులు గమనింతురు గాక. సంస్థ తన విధి నెరవేర్చుటకు వచ్చి, తలుపు మూసియుండుటచేత నెరవేర్పజాలక, తనకు తోచిన అంకె వేసి బిల్లు పంపబోవు సమయమున, ఆ తోచిన అంకెను అడ్డగించుటకు వినియోగదారుడు చేతబట్టు డాలు అది. పంపవలెనా మానవలెనా యనునది అతని యిష్టము. పంపకపోయినంత మాత్రమున రీడింగు తీయవలసిన భారము అతనిపైకి దిగదు. అంతకు పూర్వమే, 2003 నాటి విద్యుత్ చట్టము ననుసరించి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లో వెలువరించిన మీటర్ల నిబంధనలు కూడ, వినియోగదారుల మీటర్ల రీడింగులను నమోదు చేయుట, ఆ వివరములను భద్రపరచుట, వాని తప్పొప్పులను సరిచూచుట పంపిణీ సంస్థ బాధ్యతయేయని చెప్పియున్నవి.

సరకు అమ్మువాడు తూచవలెను, కొనువాడు ముల్లు చూచుకొనవలెను. ఇది సంతలో కూరగాయలు కొను ముసలమ్మకు కూడ తెలిసిన నీతి. తూచు పని కూడ కొనువానికే అప్పగించి, ఇది నీకు ఇచ్చిన స్వాతంత్ర్యము సుమా యని వర్తకుడు చెప్పినచో ఆమె యేమనునో వ్రాయుటకు ఈ పత్రిక మర్యాద అంగీకరింపదు.

రీడింగు తేదీకిని రూపాయలకును గల సంబంధము నెరిగినవారు తక్కువ గనుక దానిని కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2022 మార్చి 30వ తేదీన ప్రకటించి ఏప్రిల్ 1 నుండి అమలుపరచిన ధరల పట్టికలో గృహములకు ఆరు అంతరములు కలవు. నెలకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ ఒక్కింటికి 1 రూపాయి 90 పైసలు, 31 నుండి 75 వరకు 3 రూపాయలు, 76 నుండి 125 వరకు 4 రూపాయల 50 పైసలు, 126 నుండి 225 వరకు 6 రూపాయలు, 226 నుండి 400 వరకు 8 రూపాయల 75 పైసలు, ఆపైన 9 రూపాయల 75 పైసలు. నెలకు 60 యూనిట్లు వాడు చిన్న సంసారమును తీసికొందము. దాని విద్యుత్తు ధర 147 రూపాయలు. రెండు నెలలకు 294. ఒక నెల రీడింగు తప్పి, మరుసటి నెలలో 120 యూనిట్లు ఒక్కమారుగా లెక్కకు వచ్చి, వానిని నెలలవారీగా విడదీయకున్నచో, ఆ ధర 394 రూపాయల 50 పైసలగును. ఆ యింటివారు ఒక్క దీపము అధికముగా వెలిగించినది లేదు. అయినను నూరు రూపాయల పైచిలుకు దండుగ పడినది. తెలంగాణమునందు 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకమున ఈ తేదీల మహిమ మరింత స్పష్టము. నెలకు 200 యూనిట్ల లోపు వాడిన అర్హులకు బిల్లు సున్న. 200 దాటెనా, నెల మొత్తమునకును చెల్లింపవలసినదే. ముప్పదవ దినమున తీయవలసిన రీడింగు ముప్పదియైదవ దినమున తీసినచో సున్న బిల్లు వందల బిల్లుగా మారుటకు అడ్డేమున్నది? మన రాష్ట్రమున షెడ్యూల్డు కులముల, తెగల కుటుంబములకు 200 యూనిట్ల వరకు ఉచితముగా ఇచ్చు జగ్జీవన జ్యోతి పథకమునకును గీత అక్కడనే గీయబడియున్నది.

ఇది యెల్ల ఊహ యని త్రోసివేయుటకు వీలులేదు. 2020 ఏప్రిల్ మాసమున, కోవిడ్ దిగ్బంధమువలన రీడింగులు నిలిచిపోయినప్పుడు, మన పంపిణీ సంస్థలు వెనుకటి నెల లెక్కనే డబ్బు కట్టించుకొని, మే నెలలో రెండు నెలలకును కలిపి రీడింగు తీయగా, ఊరూర లేచిన గగ్గోలు మనకు జ్ఞాపకమే. యూనిట్లను నెలలవారీగా విడదీసియే లెక్కకట్టితిమని అధికారులు మరల మరల వివరించుకొనవలసివచ్చెను. తెలంగాణమున ఆ యేడు మూడు నెలల రీడింగు జూన్‌లో ఒక్కసారి తీయగా రగడ ఇంతకంటె పెద్దదయ్యెను. నేడు ఫోటో విధానమును పొగడువారు తరచుగా ఉదాహరించునది ఆ రోజులనే. అప్పుడు మన చేత ఫోటో పంపు వీలుండియుండినచో ఇంత జరిగెడిది కాదందురు. నిజమే, జరిగెడిది కాదు. మహమ్మారి దినములలో పనికివచ్చియుండెడి ఏర్పాటును మామూలు దినముల ధర్మముగా మార్చుటకు అది హేతువు కాజాలదు.

ఇక, ఫోటో అబద్ధమాడదను మాట. ఇది యీ వాదమునకు మూలస్తంభము గనుక దీనివద్ద కొంతసేపు నిలువవలసియున్నది. వెనుకటి మీటర్లలో అద్దము వెనుక అల్యూమినియము చక్రము తిరుగుచుండగా, పైన అంకెల పట్టీ ఒక్కటే కనబడుచుండెడిది. అక్షరము రానివాడును దానిని పోల్చుకొనగలిగెడివాడు. నేటి ఎలక్ట్రానిక్ మీటరు తెరపై మొత్తము యూనిట్లు, వోల్టేజి, కరెంటు, గరిష్ఠ డిమాండు, తేదీ, సమయము ఒకదాని వెంట నొకటి వచ్చి పోవుచుండును. ఏ క్షణమున మీట నొక్కితిమో ఆ క్షణమున తెరపై నున్న అంకె ఫోటోలో పడును గాని, మనము తలచుకొన్న అంకె పడదు. ఇంటి కప్పుపై సౌరఫలకములు పెట్టుకొన్నవారి మీటరులో గ్రిడ్డు నుండి తెచ్చుకొన్న లెక్క వేరు, గ్రిడ్డునకు పంపిన లెక్క వేరు; రెండును తీయవలెను, ఏది యేదియో తెలియవలెను. కాకినాడలోను రాజమహేంద్రవరములోను అపార్ట్‌మెంట్ల మెట్లక్రింద ఒకే బల్లపై ఇరువది మీటర్లు బారులు తీరియుండును. ప్రక్కింటివాని మీటరుకు తీసిన ఫోటో యెంత స్పష్టముగా నున్నను అది ప్రక్కింటివాని లెక్కయే.

అంతకంటె ముఖ్యము, ఫోటో చూపనివి. సీలు తెగినదా, అంకె కదలక నిలిచిపోయినదా, వర్షపు నీరు దిగి టెర్మినళ్లకు కిలుము పట్టినదా, కొబ్బరి మట్టలు రాచుకొని సర్వీసు తీగ తొడుగు ఊడినదా, స్తంభము వంగినదా అనునవి చూచుటకు మనిషి నడచి రావలెను. కోనసీమ తోటలలో తీగలకును మట్టలకును గల నిత్యకలహము నెరిగినవారెవరును నెలకొకసారి వచ్చిపోవు ఆ మనిషి విలువను తక్కువగా తలంపరు. అతడు అన్నియు చూచుచున్నాడా, చూచినవన్నియు ఆఫీసులో చెప్పుచున్నాడా యందురేమో. ఇంటికింత యని ముట్టు కూలితో, సాయంకాలములోపల వందల మీటర్లు చుట్టబెట్టవలసినవాడు అన్నియు చూడలేకపోవచ్చును. అతనికి తీరిక కల్పింపుడని అడుగుట న్యాయము. అతనినే తీసివేయుడని అడుగుటలో న్యాయమేమున్నదో నాకు బోధపడదు.

ఈ విధానమును కాదనువారిలో వేరొక వర్గము కలదు. వారి భయమెల్ల జనులు మోసము చేయుదురనియే. నేను వారి పక్షమువాడను కాను. మీటరులోని అంకె పెరుగుటయే గాని తరుగుట యెరుగదు. ఈ నెలలో పది యూనిట్లు దాచినవాడు వచ్చు నెలలో ఆ పదింటిని చెల్లించియే తీరవలెను. మహాచతురుడైనవాడు చేయగల గారడి యొకటే: వేసవి యూనిట్లలో కొన్నింటిని ముందు నెలలోనికో వెనుక నెలలోనికో జరిపి, పై అంతరములోని యూనిట్లను క్రింది అంతరములోనికి దించుకొనుట. ఒక నెల 60, మరొక నెల 180 యూనిట్లు వాడిన గృహస్థు సక్రమముగా చెల్లింపవలసినది 894 రూపాయలు. రెండు నెలలకును 120 చొప్పున చూపినచో 789. మిగిలినది 105 రూపాయలు. ఇంతటి కొల్లకొరకు జనులెల్లరు నీతి తప్పుదురని బెదరువారికి మన జనులను గూర్చి తెలిసినది స్వల్పము.

నా భయము దీనికి సరిగా తలక్రిందైనది. మోసగాడు తప్పించుకొనునని కాదు, అమాయకుడు మోసగానిగా చిత్రింపబడునని. ఇంతవరకు రీడింగులో పొరపాటు వచ్చినచో అది సంస్థ పొరపాటు. దిద్దవలసినది వారు, సంజాయిషీ చెప్పుకొనవలసినది వారు. రీడింగు ఇంటివాడే పంపిన నాటి నుండి ఆ పొరపాటు ఇంటివానిదగును. ఆరు ఎనిమిదిగా కనబడినను, మసక వెలుతురులో అంకె చెదరినను, తేదీ తప్పినను, మొదట అడుగు ప్రశ్న, నీవెందుకట్లు పంపితివి అని. మీటరును తారుమారు చేయుట వంటి అనధికార వినియోగమునకు చట్టములోని 126వ సెక్షను రెట్టింపు ధర విధించుచున్నది. 135వ సెక్షను విద్యుత్ చౌర్యమునకు మూడేండ్ల వరకు కారాగారము చెప్పుచున్నది. తప్పుగా తీసిన ఫోటో వీని క్రిందకు రాదని న్యాయవాది చెప్పును, నిజమే చెప్పును. కాని తనిఖీకి వచ్చిన అధికారి యెదుట వాకిట నిలుచున్న తాపీ మేస్త్రీకి న్యాయవాదిని ఎవరు తెచ్చియిత్తురు?

పొరపాటు ఎన్నాళ్లకు బయటపడినను సంస్థ దానిని విడిచిపెట్టునని ఆశపడరాదు. వసూలు కావలసిన మొత్తమును మొదట బాకీపడిన నాటి నుండి రెండేండ్లలోపల రాబట్టుకొనవలెనని 56వ సెక్షను చెప్పుచున్నను, అజ్మీరు విద్యుత్ పంపిణీ సంస్థ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు ప్రకారము, బాకీ పుట్టునది కరెంటు వాడిన నాడు కాదు, బిల్లు ఇచ్చిన నాడు. ఆ వ్యాజ్యములో 2009 నుండి 2011 వరకు జరిగిన పొరపాటునకు సంస్థ 2014లో అదనపు బిల్లు ఇచ్చినది. రెండేండ్లు దాటిన పిమ్మట ఆ సొమ్ము కొరకు సరఫరా నిలుపు హక్కు లేదనియు, సొమ్ము అడుగు హక్కు మాత్రము పోలేదనియు న్యాయస్థానము తేల్చినది. అది సంస్థ స్వయముగా చేసిన తప్పు. ఇట్టి బిల్లు మూడేండ్ల తరువాత వచ్చి, తప్పు నీవు పంపిన ఫోటోలోనిదే యన్నప్పుడు, ఆ ఫోటో ఏ పాత ఫోనులో ఉన్నదో, ఆ ఫోను ఏ అంగడిలో మారకమైనదో వెదకికొనుట గృహస్థు పాలిటి పని.

వినియోగదారుడనగా ఎవరో కూడ ఆలోచింపవలెను. ఈ వాదము చేయువారి మనస్సులో మెదలు వినియోగదారుడు వారివంటివాడే: సొంత యిల్లు, తన పేర మీటరు, తన పేర ఫోను నంబరు, కంటి చూపు సరిగా గలవాడు. డెల్టా పల్లెలలో సర్వీసు తాతగారి పేరున నుండును, తాతగారు గతించి పాతికేండ్లు. నమోదైన నంబరు ఎవరిదో ఇంటిలో నెవరికిని తెలియదు. నియమము నమోదైన ఫోను ద్వారా గాని ఈమెయిలు ద్వారా గాని పంపుమనుచున్నది. పట్టణములలో అద్దెకున్నవాని మీటరు యజమాని వరండాలో తాళము వెనుక నుండును. నరసాపురము నుండి, కోనసీమ నుండి గల్ఫు దేశములకు పనికి పోయిన స్త్రీల యిండ్లలో ఫోను వాడు చేయి ఎడారి అవతల నున్నది. ఇంట మిగిలినది మీట ఫోను పట్టుకొన్న అత్తగారు. వీరిలో నొకరు ఒక నెల ఫోటో పంపలేకపోయినచో ఏమగును? నియమము ప్రకారము ఏమియు కాకూడదు. ఫోటోయే పద్ధతియైన పిమ్మట, పంపనివాడు అశ్రద్ధాపరుడు. వానికి సరాసరి బిల్లు వచ్చును, అది వాని తప్పునకు ఫలమను మాటయు వెంట వచ్చును.

లంక గ్రామముల సంగతి వేరు, దానిని ఒప్పుకొనుచున్నాను. 2022 జూలైలో ధవళేశ్వరమువద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి, మూడవ ప్రమాద సూచిక యగు 17.75 అడుగులు మునిగి, ఇంకను పైకెక్కినప్పుడు, పి.గన్నవరము మండలములోని ఊడిమూడిలంకకో బూరుగులంకకో పడవ మీద పోయి మీటరు చూడుమని ఏ మనిషిని అడుగుట? అక్కడి గృహస్థు కరెంటు వచ్చిన పిమ్మట ఒక ఫోటో పంపుకొని, రెండు నెలల యూనిట్లు ఒక నెల నెత్తిన పడకుండ కాచుకొన్నచో అది సరిగా నియమము కోరిన ప్రయోజనమే. ఆ తలుపు ఎన్నడును మూయరాదు.

విదేశముల మాట యెత్తువారు బ్రిటనును చూపుదురు. అక్కడ మీటరు రీడింగులు ఇంటివారే పంపుట చిరకాలముగా అలవాటు. అయితే 2022 మార్చి 31వ తేదీన అక్కడ జరిగినదేమి? మరునాటి నుండి ఇంధన ధరల గరిష్ఠ పరిమితి నూటికి 54 వంతులు పెరుగనుండగా, పాత ధరకు వాడిన యూనిట్లు కొత్త ధర లెక్కలోనికి పోకుండ, లక్షలమంది ఒకే దినమున తమ రీడింగులు పంపబూనిరి. ఆ త్రొక్కిడికి పెద్ద పెద్ద సరఫరా సంస్థల వెబ్‌సైట్లు కూలబడెను. విచిత్రమేమనగా, మన రాష్ట్రమున ఆరు అంతరముల పట్టిక ప్రారంభమైనదియు ఆ మరునాడే; మనవారెవరును నిదుర మానుకొని మీటరు ముందు నిలుచుండలేదు. బ్రిటనువారు ఆనాడు పరుగులెత్తినది సంస్థ లెక్కపై నమ్మకము లేక, సంస్థ ఉజ్జాయింపు నుండి తమ్ము తాము కాపాడుకొనుటకు. అట్టి ఉజ్జాయింపుల దేశముననే, వాడి పండ్రెండు నెలలు దాటిన ఇంధనమునకు సంస్థ తన తప్పువలన ఆలస్యముగా బిల్లు వేయరాదని నియంత్రణ సంస్థ 2018 మే నుండి నిషేధము పెట్టినది. మనవారు ఆ దేశమునుండి ఫోటోను తేవలెనందురు, నిషేధమును తేవలెననరు.

ఖర్చు తగ్గుననువారికి ఒక ప్రశ్న. మనకు వచ్చు బిల్లులో విద్యుత్తు ధర గాక, స్థిర చార్జీ గాక, కస్టమర్ చార్జీయని ఒక వరుస కలదు. మీటరు చదువుట, బిల్లు తయారుచేయుట, దానిని చేర్చుట మొదలగు సేవలకై వసూలు చేయు రుసుము అది. రీడింగు ఇంటివాడే తీసి పంపునప్పుడు ఆ వరుసలోని మొత్తము తగ్గునా? తగ్గునని ఈ వాదము చేయువారిలో ఒక్కరును చెప్పగా నేను వినలేదు. ఢిల్లీలో ఇంటింటికి గొట్టపు గ్యాసు సరఫరా చేయు ఇంద్రప్రస్థ సంస్థ, స్వయముగా రీడింగు పంపినవారికి బిల్లులో కొంత తగ్గించి యిచ్చినది. స్వల్పమైనను, చేయించుకొన్న పనికి కూలి యున్నదని ఒప్పుకొన్న మర్యాద అది. మన మాటలలో ఆ మర్యాద కూడ లేదు.

ఇంకొక వింత. పరిశ్రమల హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసులకు రీడింగు తీయుటకు ఇంజనీరు స్థాయి అధికారి స్వయముగా వెళ్లి, సీళ్లు చూచి, మీటరు జ్ఞాపకములోని వివరములనెల్ల యంత్రముతో దించుకొని వచ్చును. ఫోటో అంత నమ్మదగిన సాక్షియైనచో, తణుకులోనో సామర్లకోటలోనో మిల్లు మేనేజరును ఒక ఫోటో పంపుమని అడుగవచ్చునే! అడుగరు. అక్కడ రీడింగు విలువ వారికి తెలియును. పెంకుటింటి మీటరువద్దకు వచ్చునప్పటికి ఆ రీడింగే ఫోనులో పంపదగినదిగా మారుట ఏమి న్యాయము?

ఈ డెల్టా రైతునకు లెక్క యొకరు వ్రాయుట, తాను సరిచూచుకొనుట కొత్త విషయము కాదు. 1984లో కరణీకములు రద్దగు వరకు, ఏ చేలో ఏ పైరున్నదో, ఏ కాలువ నీరు పారినదో కరణము అడంగలులో వ్రాయుచుండెడివాడు; ఏటేట జమాబందీలో లెక్కలు పరిశీలనకు వచ్చినప్పుడు రైతు తన ఆక్షేపణ చెప్పుకొనుచుండెడివాడు. కరణములందరు ధర్మరాజులని నేనన్నచో నవ్వనివారుండరు. ఆ వ్యవస్థలోని అన్యాయములు ఆ వ్యవస్థతో పోయినవి, పోవుటయే మంచిది. అయినను నీటి తీరువా కొరకు నీ అడంగలు నీవే వ్రాసి పంపుము, తప్పులున్నచో నీదే పూచీ యని ఆనాటి సర్కారు కూడ రైతును అడుగలేదు.

స్మార్టు మీటర్లు వచ్చిన పిమ్మట ఈ చర్చయే అనవసరమందురు. దూరము నుండియే రీడింగు పోవును గదా యని. 2020 నియమావళి అట్టి మీటర్లను నెలకొకసారియైన దూరము నుండి చదువవలెనని చెప్పినది, చదువవలసినది సంస్థయేయని కూడ చెప్పినది. ఆ మీటర్ల మంచిచెడ్డలు వేరొక వ్యాసమునకు తగినవి. పల్లెలన్నింటికిని అవి చేరు వరకు నేటి మీటర్లను ఎవరైన చదువక తప్పదు.

ఫోటో మీద అంత మక్కువ గలవారికి నేనొక ప్రత్యామ్నాయము చెప్పెదను. ఫోటో తీయవలసినదే, తీయవలసినవాడు రీడరు, పంపవలసినది సంస్థ, అందుకొనవలసినది ఇంటివాడు. రీడరు చేతను ఫోను కలదు గదా. కాలము మారినదను వాదము అతని యెడలను చెల్లవలెను. యూనిట్ల అంకె, తేదీ, మీటరు సంఖ్య కనబడు చిత్రము బిల్లు వెంట ఇంటివాని ఫోనుకు రావలెను; ఫోను లేనివానికి, చదువరానివానికి, రీడరు ఆ అంకెను వాకిట నిలిచి చదివి వినిపించి, మీటరు పెట్టె ప్రక్కన వ్రేలాడదీసిన కార్డుపై వ్రాసి పోవలెను. తలుపు మూసియున్న యింటికి, మూసిన తలుపు ఫోటోయే తీయవలెను. రాకుండగనే వచ్చితిమని చెప్పు అవకాశము అప్పుడుండదు. ఇంటివాడు తన ఫోటో తాను తీసికొని దాచుకొన్నచో మరియు మంచిది.

పిమ్మట వివాదము వచ్చినదనుకొందము. చట్టములోని 42వ సెక్షను ప్రకారము ప్రతి పంపిణీ సంస్థయందును వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక యుండును. మన తూర్పు ప్రాంత సంస్థ వేదిక విశాఖపట్టణమున నున్నది, దానిపై విద్యుత్ అంబుడ్స్‌మన్ కలడు. ఆ వేదిక యెదుట ముందుగా తన చిత్రము చూపవలసినది సంస్థ. చూపలేకపోయినచో, ఇంటివాడు దాచుకొన్న చిత్రములోని అంకెతోనే ఆ నెల లెక్క ముగియవలెను. ఇంటివానివద్దను చిత్రము లేనియెడ, దానిని కారణముగా చూపి అతనిపై ఒక్క యూనిట్ కూడ అధికముగా వేయరాదు. ఈ మేరకు ఒక వాక్యమును నిబంధనలలో చేర్చు అధికారము రాష్ట్ర నియంత్రణ మండలికి కలదు. ఏటేట ధరల నిర్ణయమునకు ముందు మండలి జరుపు బహిరంగ విచారణలో ఎవరైనను లేచి దానిని కోరవచ్చును.